మా నాయన మజ్జిగ అడిగిన ఇళ్ళు

మొన్న ఆదివారం ఉదయం పదకొండు గంటల పదిహేను నిమిషాలకు, తిరువళ్లూరులోని ఒక కల్యాణ మండపంలో, నా చేతికి ఒక మజ్జిగ పాకెట్ ఇచ్చారు. ఎండగా ఉందని అందరికీ ఇచ్చినట్టే నాకూ ఇచ్చారు. చిన్న వ్యాపారాలు నడుపుకునేవాళ్ళ సంఘం ఆ రోజు అక్కడ సభ పెట్టుకుంది. బేకరీ నడిపేవాళ్ళు, లేత్ షెడ్లవాళ్ళు, కుట్టు యూనిట్లవాళ్ళు కలిసి నూరు మంది దాకా వచ్చారు. నాయకత్వం గురించి, యజమాని మనిషిగా ఎదగడం గురించి అరగంట మాట్లాడమని నన్ను పిలిచారు. మా వైపు నేత పనిలో ఎవరి పని ఎలా ఉందో బోర్డు మీద రాసి అందరికీ చూపే పద్ధతిని మొట్టమొదట తెచ్చినవాడినని నన్ను పరిచయం చేశారు. ఆ మాట విన్నాక చేతిలోని మజ్జిగ తాగలేకపోయాను. పాకెట్‌ను కుర్చీ కింద పెట్టి, లేచి వెళ్ళి, తమిళంలో అరగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. చెప్పవలసిన విషయం ఒకటే ఉండింది, దాన్ని చెప్పలేదు. ఇంటికి వచ్చినప్పటి నుంచి అది లోపల కదులుతూనే ఉంది కనుక ఇక్కడ రాస్తున్నాను. నా వయసువాళ్ళు, తండ్రి చేతి నుంచి ఒక పనిని అందుకున్నవాళ్ళు ఎవరైనా చదివితే, నేను దేనికి సిగ్గుపడుతున్నానో వాళ్ళకు వేరుగా వివరించవలసిన పని ఉండదు.

మాది తిరుత్తణి దగ్గర నేతవాళ్ళ వీధి. ఇంట్లో తెలుగు, వీధి మలుపు దాటితే తమిళం. మా నాయన పద్దెనిమిది ఇళ్ళకు నూలు ఇచ్చి నూలుచీరలు నేయించేవాడు. ఎవరి ఇంట్లో వాళ్ళకు నేలలో గుంట తవ్వి బిగించిన గుంటమగ్గం ఉండేది. చీర నేయడం పూర్తయి మగ్గం నుంచి కోసిన రోజు ఉదయం దాన్ని తెచ్చి మా తిన్నె మీద పెట్టేవారు. నాయన దాన్ని టేకు పలక మీద పరిచి, కొంగు నుంచి చివరి దాకా అరచేతితో నిమురుకుంటూ పోయేవాడు. పడుగులో పోగు తెగి అతకకుండా నేసేస్తే చీర పొడుగునా సన్నటి గీత పడుతుంది. అది కంటికంటే చేతికి ముందు తెలుస్తుందని ఆయన నమ్మకం. అలాంటిది కనిపిస్తే ఆయన ముఖంలో ఏమీ మారేది కాదు. గీత పడిన వైపు లోపలికి వచ్చేలా చీర మడిచి పక్కన పెట్టి, తరువాతి చీర అందుకునేవాడు. తిన్నె మీద అయిదారుగురు కూర్చుని ఉన్నా ఎవరికీ తెలిసేది కాదు.

సాయంత్రం నాలుగు గంటలప్పుడు తువ్వాలు భుజాన వేసుకుని వీధిలోకి బయలుదేరేవాడు. రోజూ ఏవో నాలుగు ఇళ్ళకు వెళ్ళేవాడు కనుక వెళ్ళడంలో వింత లేదు. తప్పు పడిన ఇంట్లో మాత్రం మగ్గం గుంట పక్కన కూర్చుని, "ఏమ్మా, రవ్వంత మజ్జిగుంటే ఇస్తావా?" అని అడిగేవాడు. అంతే. ఆ ఇంటివాళ్ళకు అర్థమైపోయేది. ఆ చెంబెడు మజ్జిగను ఆయన అరగంటసేపు తాగేవాడు. వానల గురించి, పెళ్ళి సంబంధాల గురించి, కరెంటు కోత గురించి మాట్లాడేవాడు, మగ్గాన్ని చూసేవాడు, ఇంటిని చూసేవాడు. లేచేసరికి ఆ పోగు ఎందుకు తెగిందో ఆయనకు తెలిసి ఉండేది. పడుగు పోగులు దూరే అచ్చు తుప్పు పట్టిందా, బిడ్డకు జ్వరమా, మొగుడూ పెళ్ళాలకు మాటలు లేవా, మగ్గం మనిషి తాగుడులో పడ్డాడా అని. మరునాడు వడ్రంగి వచ్చేవాడు, లేదా మా అమ్మ ఆ ఇంటికి వెళ్ళేది. తప్పు అన్న మాట మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు.

ఈ పద్ధతి చెడకుండా ఉండాలని నాయన తప్పు లేని ఇంట్లో, ఎంత ఎండలో వెళ్ళినా, ఇస్తామన్నా మజ్జిగ పుచ్చుకునేవాడు కాదు. కాఫీ తాగేవాడు, నీళ్ళు తాగేవాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఒకరినొకరు ఏడిపించుకునేవారు. "నిన్న మీ ఇంట్లో పెద్దాయన ఏం తాగినాడు మే?" అని ఒకరంటే, "కాఫీనే తాగినాడు లే, నువ్వేం మా ఇంటి గడపలో నిలబడి చూసినావా?" అని ఇంకొకరు బిందె ఎత్తుకునేవారు. నేను చిన్నప్పుడు అది విని నవ్వేవాడిని. పెద్దయ్యాక నవ్వడం మానేసి చిన్నచూపు చూడటం మొదలుపెట్టాను.

నేను కాలేజీలో చదివాను. పుస్తకాలు బాగా చదివేవాడిని, ఇప్పుడూ చదువుతాను. అయితే చదివినది మనిషిని మంచివాడిని చేస్తుందన్న నమ్మకం నాకు తరువాత పోయింది. నాయన పోయి పని నా చేతికి వచ్చిన రెండో ఏడు, తిరువళ్లూరులోనే ఒక హోటల్ హాల్లో చిన్న యజమానులకు రెండు రోజుల నాయకత్వ శిక్షణ జరిగితే వెళ్ళాను. చెప్పినాయన మంచివాడే. నీ దగ్గర పనిచేసే మనిషికి తాను ఎక్కడ నిలబడి ఉన్నాడో తెలియాలి, దాచకు, నాన్చకు, అందరికీ ఒకే కొలత పెట్టు, నీ బంధువులకు వేరే కొలత పెట్టిన రోజు నువ్వు యజమానివి కావు అన్నాడు. తెల్లకాగితాల పుస్తకంలో అన్నీ రాసుకున్నాను. మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు, గుంట పక్కన కూర్చుని మజ్జిగ తాగే మా నాయన గుర్తొచ్చాడు. మనిషి ముఖం మీద నిజం చెప్పడానికి భయపడి బతుకంతా మజ్జిగ తాగాడని అనుకున్నాను. ఆ రోజు నేను ఆయనను తలచుకుని సిగ్గుపడ్డాను. ఈ జ్ఞాపకంలో నేను సిగ్గుపడవలసినవి చాలా ఉన్నాయి, అందులో ఇది మొదటిది.

ఇంటికి వచ్చిన వారంలోనే తిన్నె మీద, నాయన టేకు పలకకు పైన, తెల్లబోర్డు ఒకటి కొట్టించాను. వారానికొకసారి పేర్లు రాసేవాడిని. ఎవరి చీరల్లో తప్పులు ఎక్కువ పడ్డాయో వాళ్ళ పేరు పైన, తక్కువ పడినవాళ్ళది కింద. వయసు పిల్లలంతా బడిలో తమిళమే చదివారు కనుక తమిళంలో రాశాను. పెద్దవాళ్ళలో సగం మందికి తెలుగు తప్ప చదవడం రాదని నాకు తెలుసు. పక్కన తెలుగులో రాయడానికి బోర్డు మీద చోటు కూడా ఉండింది. రాయలేదు.

మొదటి వారం బోర్డు మీద అన్నిటికంటే పైన మా మామ పేరు వచ్చింది.

మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు, నా భార్యకు తండ్రి. నాకు మగ్గం మీద కూర్చోవడం నేర్పింది ఆయనే. పన్నెండేళ్ళ వయసులో నా కాళ్ళు తొక్కుడు కర్రలకు అందకపోతే కింద పీట పెట్టి, నా చేతి మీద తన చెయ్యి వేసి పేక పోగు ఉండే నాడె తోయించాడు. మా పద్దెనిమిది ఇళ్ళలో ఆయనంత సాఫుగా నేసేవాళ్ళు లేరు. అలాంటి మనిషి చీరల్లో ఆ ఏడు తప్పులు పడటం మొదలైంది, రెండు నెలల్లో బాగా పెరిగింది. ఎందుకని నేను అడగలేదు. వయసు మీద పడి అశ్రద్ధ వచ్చిందనుకున్నాను, అల్లుడే గదా అన్న చనువు అనుకున్నాను. నా భార్య బోర్డు చూసి, "మా నాయన పేరు ఒక్కటి తీసేయండి" అంది. ఆయనకు వేరే కొలత పెడితే రేపు నన్ను ఎవరు లెక్కచేస్తారని అన్నాను. ఆమె రెండోసారి అడగలేదు.

మామకు తమిళం చదవడం రాదు. రేషన్ కార్డులో ఉన్న తన పేరు ఆకారం మాత్రం గుర్తుపట్టేవాడు. చీర తెచ్చి పలక మీద పెట్టి, తలెత్తి బోర్డుకేసి చాలాసేపు చూసి, "మొదట ఉండేది నా పేరే గదరా అల్లుడా?" అన్నాడు. అవును మామా అన్నాను. ఆయన ముఖం విచ్చుకుంది. "ఏమో అనుకుంటి. మీ నాయన ఒక్కనాడూ పైకి చెప్పలా. నువ్వు రాసి పెట్టినావు" అన్నాడు. తిన్నె మీద ఉన్న నలుగురూ తలలు వంచుకున్నారు. వాళ్ళలో ఒకడు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. చెప్పవలసింది ఆ నిమిషంలోనే. నిజం చెప్పడం నేర్చుకుని వచ్చానని గర్వపడినవాడిని, ఎదురుగా నిలబడి అడిగిన మనిషికి చెప్పలేకపోయాను. ఆ తరువాత అయిదు వారాలు ఆయన పేరు అక్కడే ఉంది. అయిదు వారాలూ ఆయన దాన్ని చూసుకుని వెళ్ళాడు. ఎదురుగా కూర్చుని మనిషి ముఖం చూసే ధైర్యం మా నాయనకు ఉండింది కనుక ఇంటికి వెళ్ళాడనీ, నాకు లేదు కనుక బోర్డు పెట్టాననీ గ్రహించడానికి నాకు ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఆరో వారం ఆరణి నుంచి మామకు వియ్యంకుడు, అంటే ఆయన కొడుకుకు పిల్లనిచ్చినాయన, చూడటానికి వచ్చాడు. చిన్న బియ్యం వ్యాపారం ఆయనది, తమిళం బాగా చదువుతాడు. మామ ఆయనను వెంటబెట్టుకుని మా తిన్నె దగ్గరికి వచ్చాడు. నేను లోపల నూలు తూకం వేస్తున్నాను, కిటికీలో నుంచి ఇద్దరూ కనిపిస్తున్నారు. "ఇదో చూడు బావా, పద్దెనిమిది మగ్గాల్లో మొదటి పేరు ఎవరిదో చూడు. అరవై దాటినా ఇంకా మనమే" అన్నాడు మామ. ఆ పెద్దమనిషి కళ్ళద్దాలు సర్దుకుని పైన రాసింది చదివాడు, కింది పేర్లు చదివాడు, మళ్ళీ పైకి వచ్చాడు. మామ చెయ్యి పట్టుకుని, "ఎండ ఎక్కువుండాది, పా బావా, ఇంటికి పోదాం" అన్నాడు.

మామ కదల్లేదు. బోర్డు చదవలేకపోయినా వియ్యంకుడి ముఖం చదివాడు. తిన్నె మీద ఉన్నవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటిగా చూశాడు. ఆ అయిదు వారాలూ వాళ్ళు తలలు ఎందుకు వంచుకున్నారో ఒక్కసారిగా అర్థమైనట్టుంది. తరువాత కిటికీకేసి తిరిగి, గొంతు పెంచకుండా, "ఏం రాసినావు అల్లుడా?" అన్నాడు. నేను బయటికి రాలేదు. "ఏమీ లేదు మామా, పని వివరం అంతే" అని లోపలి నుంచే అన్నాను. ఆయన సరే సరే అని తల ఊపి, వియ్యంకుడి భుజం మీద చెయ్యి వేసుకుని మెట్లు దిగాడు. దిగేటప్పుడు రెండో మెట్టు కోసం కాలితో వెతికాడు. అది నేను చూశాను. చూసి కూడా దాని అర్థం తెలుసుకోలేదు.

మగ్గం మీద ఉన్న పడుగు మాత్రం ముగించాడు. మధ్యలో వదిలేసే మనిషి కాదు. మూడు వారాల తరువాత చివరి నాలుగు చీరలు తెచ్చాడు. అందరూ ఉన్న వేళ చూసుకుని తెచ్చాడు. తప్పు పడిన వైపు పైకి వచ్చేలా తానే మడిచి, గీత ఉన్న ప్రతిచోటా ఎర్ర పోగు ఒకటి ముడివేసి పెట్టాడు. అవన్నీ కంటితో కాదు, వేలితో తడిమి పట్టుకున్నవి. "వెతుక్కునే శ్రమ నీకెందుకని నేనే గుర్తు పెట్టినా మొదలాళీ" అన్నాడు. మా వైపు యజమానిని మొదలాళి అంటారు. నేను పుట్టినప్పటి నుంచి అబ్బోడా అనో అల్లుడా అనో పిలిచిన మనిషి, ఆ రోజు నుంచి పోయేదాకా నన్ను ఆ మాటతోనే పిలిచాడు. ఆ సాయంత్రమే నేను బోర్డు మీద ఆయన పేరు తుడిచేశాను. తుడిచిన చోట ఇంకొకరి పేరు రాశాను.

మామ మగ్గం విప్పేసి, ఆవడిలో ఒక ఇళ్ళ సముదాయం గేటు దగ్గర కాపలా పనికి చేరాడు. ఉదయం రైలుబండికి వెళ్ళి సాయంత్రం బండికి వచ్చేవాడు. వచ్చేపోయే వాహనాల నంబర్లు రాసుకోవాలి అక్కడ. రెండు నెలల్లోనే ఆయనకు నంబర్లు కనబడటం లేదని అక్కడివాళ్ళే తెలుసుకున్నారు. నా భార్య వెంటబడి ఆసుపత్రికి తీసుకువెళ్తే రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరి ఉన్నాయన్నారు. ఏడాదికి పైగా ఆయన పడుగును కళ్ళతో కాక వేళ్ళతో నేశాడన్నమాట. తరువాత అత్త చెప్పింది, కిటికీ దగ్గర కొత్త గుంట తవ్వించి మగ్గాన్ని గోడ దగ్గర నుంచి అక్కడికి జరిపించాడని, తెల్లనూలు పడుగు వచ్చిన రోజు భయపడేవాడని. మా నాయన ఉండి ఉంటే మొదటి తప్పు పడిన సాయంత్రమే ఆ ఇంటికి వెళ్ళేవాడు, గుంట పక్కన కూర్చునేవాడు, మగ్గం చోటు మారిందేమని అడిగేవాడు. అరగంట చాలేది. మజ్జిగ తప్పును దాచడానికి కాదనీ, తప్పు ఎక్కడ నుంచి వచ్చిందో యజమాని కనుక్కోవడానికనీ నాకు అప్పుడు తెలిసింది.

శస్త్రచికిత్స అయ్యాక చూపు బాగా వచ్చింది. మళ్ళీ మగ్గం వేయమని అడగడానికి నేను ఆసుపత్రి వరండాలోకి వెళ్ళాను. ఆయన నల్ల అద్దాలు పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడెలా ఉంది మామా అంటే, "చూపు వచ్చింది మొదలాళీ. అరవమే ఇంకా రాలా" అన్నాడు. పక్కన కూర్చున్న నర్సమ్మకు అదేమిటో తెలియకపోయినా నవ్వింది. ఆయనా నవ్వాడు. నేను అడగవలసింది అడక్కుండా వచ్చేశాను.

ఆ తరువాత ఆయన పద్నాలుగేళ్ళు బతికాడు. పండగలకు వచ్చేవాడు, మనవళ్ళను ఎత్తుకునేవాడు, నాతో మర్యాదగా మాట్లాడేవాడు. ఒక్కసారి మాత్రం నేను గట్టిగా మనసు చేసుకుని, పని ఏమీ లేకుండా, సాయంత్రం నాలుగు గంటలకు ఆయన ఇంటికి వెళ్ళాను. మగ్గం తీసేసిన గుంట పూడ్చి, సిమెంటు మెత్తి ఉంది. అక్కడే, ఆ సిమెంటు మీదే కూర్చున్నాను. అత్త కాఫీ తెచ్చింది. మజ్జిగ కావాలని అడగాలని వెళ్ళినవాడిని కాఫీ పుచ్చుకుని తాగాను. మామ నాకేసి, నా చేతిలోని గ్లాసుకేసి చూస్తూ కూర్చుని, నేను గ్లాసు కింద పెట్టాక నిదానంగా, "కాఫీ చాలునా మొదలాళీ? ఇంకేమైనా కావాలనా?" అన్నాడు. ఆయన నాకు దారి ఇచ్చాడు. అంత స్పష్టంగా ఎవరూ ఎవరికీ దారి ఇవ్వరు. నేను, చాలు మామా, అన్నాను.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. నా భార్య పోయిన ఏడు పోయింది. ఆమె నాతో ఈ విషయం ఎత్తింది ఒకే ఒక్కసారి, తండ్రి పదకొండో రోజు కార్యం అయిపోయి, గిన్నెలు బోర్లిస్తూ, నా వైపు చూడకుండా. "ఒక్క గ్లాసు మజ్జిగ అడిగుండొచ్చు గదా మీరు" అంది. మిగిలిన గిన్నెలు కూడా బోర్లించి లోపలికి వెళ్ళింది. ఇప్పుడు ఇంట్లో ఒక్కడినే ఉన్నప్పుడు ఆ గిన్నెల చప్పుడుతో కలిసి ఆ మాట వినిపిస్తుంది.

సభలో నేను చెప్పనిది ఇది. దీనికి బదులు బోర్డు పెట్టాక తప్పులు ఎలా తగ్గాయో చెప్పాను. తగ్గిన మాట నిజమే. మనుషులు తగ్గారు కనుక తప్పులూ తగ్గాయి. సభ ముగిశాక, ఎనిమిది మిషన్లతో కుట్టు యూనిట్ నడుపుతున్న ఒక అమ్మాయి, నేను తిరుత్తణి వైపువాడినని విని, తెలుగులో పలకరించింది. "సార్, మా దగ్గర ఒక అక్క ఉండాది, మంచి పనిమంతురాలు. ఈ మధ్య దినామూ తప్పు కుడతా ఉండాది. ఎట్ల చెప్పాలి సార్?" అని అడిగింది. నేను వెంటనే చెప్పాలనీ, సూటిగా చెప్పాలనీ, అందరికీ ఒకే కొలత ఉండాలనీ అన్నాను. ఆ అమ్మాయి నా ఎదురుగానే నోటు పుస్తకం తెరిచి అదంతా రాసుకుంది. ఇరవై ఏళ్ళ క్రితం నేను రాసుకున్న మాటలే, నా నోటితో.

తిరుగు బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. అరక్కోణం దాటేదాకా ఆ నోటు పుస్తకమే కళ్ళ ముందు ఉంది. సోమవారం ఉదయం సంఘంవాళ్ళను అడిగి ఆ అమ్మాయి నంబరు తీసుకుని ఫోన్ చేశాను. నిన్న చెప్పింది కొట్టేయమన్నాను. మామ సంగతి, కళ్ళ సంగతి, బోర్డు సంగతి అన్నీ చెప్పాను. బయటి మనిషికి చెప్పడం అదే మొదటిసారి. ఆ అక్కను ఏమీ అనకుండా ఒక సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళి, తాగడానికి ఏదైనా అడిగి, కాసేపు కూర్చోమన్నాను. ఆ అమ్మాయి, "మీరు చెప్పేది సరే సార్. ఆ అక్క ఇల్లు యాడుందో నాకు తెల్దే. వ్యాన్‌లో వస్తుంది, వ్యాన్‌లో పోతుంది. నాలుగేండ్లయింది, ఒకనాడూ అడగలా" అంది. ఈ దినం అడుగుతాను సార్ అని కూడా అంది. అడిగిందో లేదో నాకు తెలియదు.

ఫోన్ పెట్టేసి నా షెడ్డు వైపు చూశాను. పది మరమగ్గాలు నడుస్తున్నాయి. పనిచేసే తొమ్మిది మందీ పక్క ఊళ్ళ నుంచి బస్సులో వస్తారు. వాళ్ళ పేర్లు తెలుసు, ఫోన్ నంబర్లు తెలుసు. ఒక్కరి ఇల్లూ నేను చూడలేదు. నాయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిన పద్దెనిమిది ఇళ్ళలో రెండింట్లోనే ఇప్పుడు మగ్గం ఉంది. మిగిలినవాటిలో గుంటలు పూడ్చి, పైన సోఫాలు వేసుకున్నారు. టేకు పలక ఇంకా మా తిన్నె మీదే ఉంది, ఎవరో ఒకరు దాని మీద చెప్పులు పెడుతుంటారు.

సాయంత్రం నాలుగు గంటలకు మా వీధిలో ఇప్పుడు యజమాని ఎవరూ ఎవరి ఇంటికీ వెళ్ళి మజ్జిగ అడగడం లేదు.